ఖుబానీ చెట్టుకు బెట్ట

"ఫిబ్రవరి ఒకటి," అన్నాడు ఆసిమ్. "ఆ రోజుకు పువ్వు కనబడితే చెట్టు ఉంటుంది. లేకపోతే ఖలాస్."

అన్నది నాతో కాదు, వాళ్లమ్మతో. పెరట్లో ఆవిడ కుర్చీ పక్కన నేను నీళ్ల గొట్టం చుట్టుకుంటూ నిలబడి ఉన్నాను. వాళ్ల అరబ్బీ నాకు పూర్తిగా రాదు. కానీ ఈ ఇంట్లో పదిహేనేళ్లుగా వింటున్న చెవులు, నా పని ఊడే మాట వస్తే చటుక్కున పట్టేస్తాయి. ఆవిడ పేరు ఫైజా. పనివాళ్లందరం మామా అనే పిలుస్తాం. మామా కాసేపు చెట్టు వైపు చూసి, "సరే, మాట ఇస్తున్నా. ఈసారీ పూయకపోతే నేను అడ్డు రాను" అంది.

నాకు ఒళ్లు మండింది. అల్ ఐన్‌లో ఈ ఇంటి పెరడు నేను చేసిన పెరడు. దాన్ని చదును చేయించి, రంజాన్‌లోపల అక్కడ ఇనుప చట్రాలతో మజ్లిస్ నిలబెట్టాలని ఆసిమ్ ఆలోచన. మజ్లిస్ అంటే మగ చుట్టాలు వచ్చి కూర్చునే పెద్ద గది. పెరడే లేకపోతే తోటమాలి ఎందుకు? ముందు వైపు ఉన్నవి ఆరు ఖర్జూరపు చెట్లు, వాటికి పైపులే నీళ్లు పెట్టుకుంటాయి. ఆసిమ్ ఆ సంగతి కూడా దాచలేదు. "హన్మాండ్లు, నీ వీసా ఫిబ్రవరి ఆఖరుకు అయిపోతుంది. పెరడు తీసేస్తే మళ్లీ కొట్టించను. మనసులో పెట్టుకోకు" అని హిందీలో నాతో మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెబితే మాత్రం పోయే పని పోకుండా ఉంటుందా!

యాభై రెండేళ్ల వాడికి కొత్త వీసా ఎవడిస్తాడు? మా బిడ్డ సుభద్ర జగిత్యాలలో నర్సింగు చదువుతోంది. ఇంకొక్క ఏడాది మిగిలింది. నాకు కావలసింది ఆ ఒక్క ఏడాదే. అది ఇప్పుడు ఒక చెట్టు పూయడం మీద ఆధారపడింది. అప్పటికి అక్టోబరు ఆఖరు, నా చేతిలో మూడు నెలలున్నాయి.

చెట్టు సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో ఆప్రికాట్ అంటారు. హైదరాబాదు పెళ్లిళ్లలో మీఠా చేసి పెడతారే, ఆ ఖుబానీ. ఇక్కడివాళ్లకు మిష్‌మిష్. మామా పుట్టిల్లు సిరియా, పదహారేళ్లకు ఈ ఇంటి కోడలై వచ్చింది. కరోనా ఏడాది, ఎవరూ గడప దాటని రోజుల్లో, ఆవిడకు పుట్టింటి పండు మీద మనసు పోయింది. దారులు తెరవగానే నన్ను మొక్కల బజారుకు తోలింది. తక్కువ చలికి కూడా కాస్తుందని చెప్పి కొట్టువాడు చిటికెన వేలంత లావు అంటు మొక్క ఇచ్చాడు.

నడుములోతు గుంత తీశాను. అడుగున రాతిపొర తగిలితే గడ్డపారతో రెండు రోజులు పగలగొట్టాను. ఇసుకలో మేకల ఎరువు కలిపి నింపి, అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండేలా నాటాను. ఎండకు బెరడు పగలకుండా మొదలుకు సున్నం పూశాను. జూన్‌లో పచ్చ వలతో పందిరి వేశాను, దుమ్ముగాలికి ఒరగకుండా మూడు వైపులా గుంజలు పాతి కట్టాను. సుభద్ర పసిపిల్లగా ఉన్నప్పుడు నేను అబూధాబీలో, ఐకాడ్ కూలీల క్యాంపులో ఉన్నాను, దాన్ని ఎత్తుకున్నది లేదు, ఆడించింది లేదు. ఈ చెట్టును మాత్రం కంటికి రెప్పలా సాకాను. చూస్తుండగానే నాకు రెండింతలైంది. ఆకు చూస్తే కడుపు నిండేది. పువ్వు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆ తప్పు నాదే. మాది జగిత్యాల పక్కన మామిడి తోటల ఊరు. మామిడి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఆకంతా రాల్చి మోడైందంటే మా దగ్గర అర్థం ఒకటే, చెట్టు చచ్చిందని. మొదటి చలికాలం ఈ ఖుబానీ ఆకు పసుపు తిరగగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. గొట్టం పెట్టి రోజంతా నీళ్లు వదిలాను, యూరియా వేశాను. అది మళ్లీ పచ్చబడింది. అబ్బో, బతికించానని మీసం దువ్వుకున్నాను. రెండో చలికాలం అంతే, మూడో చలికాలం అంతే. ప్రతి ఏడూ మామా కొడుకును ఇంకొక్క ఏడాది ఆగమని అడిగేది.

ఒకరోజు ఫోన్లో మాటల మధ్య ఈ సంగతి మా కిష్టవ్వతో అన్నాను. కిష్టవ్వ నా భార్య. తోట పనిలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది, ఒప్పుకోవడానికి నాకు నామోషీ గానీ. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఓ సుభద్ర నాయినా, నీకు బుద్ధి ఉన్నదా? చలికాలం మామిడికి నీళ్లు బంద్ జేసి బెట్టకు పెడ్తమా, పెట్టమా?"

"పెడ్తం."

"బెట్ట వెట్టకుంటే పూతస్తదా, చిగురస్తదా?"

"చిగురస్తది."

"మరి గా చెట్టు నిద్రవోత అంటాంటే నువ్వు తట్టి తట్టి లేపవడ్తివి. గదేం జేస్తది పాపం!"

తల కొట్టేసినట్టయింది. బెట్ట అంటే నీళ్లు ఆపి చెట్టును ఎండకట్టడం. దాహానికి చెట్టు బెదిరి, ఆకు పెంచడం మానేసి పూతకు తిరుగుతుంది. ఇరవై ఏళ్లు మామిడికి చేసిన పని, దేశం మారేసరికి నా బుర్రకు తట్టలేదు.

అందుకని నాలుగో చలికాలం, నవంబరు ఒకటిన, ఖుబానీ మొదట్లో ఉన్న నీళ్ల పైపు మూతి బిగించేశాను. పచ్చికకు పెట్టే తడి ఇటు పాకకుండా చుట్టూ కాలువ తవ్వాను. నేల పగుళ్లు చూసి మామా బెంబేలు పడుతుందని మొదలు చుట్టూ ఖర్జూరపు మట్టలు కప్పాను. ఎవరికీ చెప్పలేదు. మామాకు చెబితే భయపడుతుంది, ఆసిమ్‌కు చెబితే నవ్వుతాడు. పెరటి వైపు వచ్చేవాళ్లలో ఇక మిగిలింది వంటమనిషి, ఆమెకు చెట్ల సంగతి ఎందుకనుకున్నాను.

ఆమె పేరు రహమత్‌బీ. రాయచోటి మనిషి. ఈ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వండుతోంది. ఇద్దరమే తెలుగువాళ్లం కాబట్టి పొద్దున టీ వంటింటి మెట్ల మీద తాగుతాం. డిసెంబరు మొదట్లో ఒకరోజు టీ గ్లాసు అందిస్తూ, "అన్నా, ఆ చెట్టు ఎండిపోతాండాదే. నీళ్లు పొయ్యడం లేదా?" అంది.

ఆ రోజు నా మోకాలు వాచి ఉంది. కాలు మడత పడటం లేదు. పైగా పొద్దున్నే ఆసిమ్ కంట్రాక్టరు వచ్చి టేపు పట్టుకుని పెరడంతా కొలిచి, నేల మీద ఎర్ర రంగు గీతలు కొట్టి పోయాడు. ఒక గీత సరిగ్గా చెట్టు మొదలును రాసుకుంటూ పోయింది. నేను అది చూస్తూ ఉడికిపోతున్నాను. ఆ సమయంలో ఈమె అడిగింది.

"నీ పొయ్యి కాడ నువ్వుండు. చెట్ల ముచ్చట నాకు చెప్పకు," అన్నాను.

ఆమె చున్నీకి చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. నా నోటికి ఇది మామూలే, ఆమెకూ అలవాటే. మధ్యాహ్నానికి ఆ మాటే మర్చిపోయాను.

డిసెంబరు సగమైంది. ఆకు సగం పసుపు తిరిగింది. ఇంకేముంది, వారంలో రాలుతుంది, నిద్రలోకి పోతుంది, లేచేటప్పుడు పూతతో లేస్తుంది అనుకున్నాను. రాత్రిళ్లు దుప్పటి లేకుండా పడుకోలేని చలి పడుతోంది, అంతా కలిసొస్తోంది. కానీ ఆకు రాలలేదు. పసుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కొత్త సంవత్సరం వచ్చేసరికి కొమ్మల చివర్లు మళ్లీ లేతగా, పచ్చగా కనిపించాయి.

రోజూ తెల్లారగానే పోయి చూసేవాణ్ణి. పైపు మూతి బిగించే ఉంది. కాలువ పొడిగానే ఉంది. మట్టలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటిని ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడాలంటే కూర్చోవాలి, మోకాలు కూర్చోనివ్వదు. ఏమైంది దీనికి? పిచ్చి పట్టేలా ఉంది. తిండి సహించడం మానేసింది. ఎర్ర గీతలు చెరిపేయాలని ఒకసారి నేల మీద చెప్పుతో రాశాను కూడా. పోలేదు, రంగు మంచిదే వాడాడు కంట్రాక్టరు.

జనవరి ఎనిమిదిన, ఇక నామోషీ పక్కన పెట్టి, కిష్టవ్వకు వీడియో కాల్ చేసి చెట్టు చూపించాను.

"ఫోన్ దగ్గరికి వట్టు. ఇంక. కొస చూపెట్టు. మొగ్గలు సన్నగ, మొనదేరి ఉన్నయా? బొద్దుగ ఉన్నయా?"

"సన్నగనే ఉన్నయి."

"గవి పూమొగ్గలు గావు, ఆకుమొగ్గలు. నీళ్లు తాగుతాంది నీ చెట్టు."

"పైపు బంద్ జేసి రెండు నెల్లాయె!"

"నువ్వు బంద్ జేసినవ్. ఎవ్వరో పోస్తున్నరు. మట్టలు దీసి మన్నుల వేలు పెట్టి చూడు."

గోడ పట్టుకుని, పళ్లు నూరుకుంటూ, ఎలాగో కూర్చున్నాను. మట్ట తీశాను. కింద నేల నల్లగా ఉంది. వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. మట్టి మీద తెల్లగా పొరలాగా ఏదో ఎండి ఉంది, దాని మీద చీమలు బారులు కట్టాయి. ఇది ఆసిమ్ పనే అనుకున్నాను. పువ్వు రాకుండా చేసి చెట్టు పీకించడానికి ఎవణ్ణో పెట్టి పోయిస్తున్నాడు. ఆ అనుమానం రాగానే నాకు భయం పోయి కోపం వచ్చింది.

మర్నాడు ఉదయం ఏడింటికి, ముందు వైపు ఖర్జూరాల దగ్గరికి పోతున్నట్టు పోయి, పక్క సందులోంచి వెనక్కి వచ్చి, నీళ్ల ట్యాంకు చాటున నిలబడ్డాను. చేతిలో పార ఉంది. దాంతో ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. పది నిమిషాలు గడిచాయి. వంటింటి తలుపు తెరుచుకుంది. రహమత్‌బీ బాల్చీ రెండు చేతులా పట్టుకుని బయటకు వచ్చింది. అటూ ఇటూ చూసింది. చెట్టు దగ్గరికి పోయి, మట్ట ఒకటి పక్కకు జరిపి, బాల్చీ వంచి, మట్ట మళ్లీ ఎక్కడిదక్కడ సర్దింది. అవి బియ్యం కడిగిన నీళ్లు. పాతిక మంది తినే ఇంట్లో రోజూ పెద్ద గుండిగకు ఎసరు పెడతారు, కడిగిన నీళ్లే బాల్చీ నిండుతాయి.

"రహమత్‌బీ!" అని అరిచాను. బాల్చీ ఆమె చేతిలోంచి జారి దొర్లింది.

"నా కొంప ముంచినవ్ గదే! ఎన్ని దినాల సంది పోస్తున్నవ్?"

"ఇరవై దినాలాయె అన్నా... అంతకంటే రెండుమూడు దినాలు ఎక్కువే ఉంటుందేమో."

"ఎవరు పొయ్యమన్నరు నిన్ను?"

"నీ మోకాలు బాగలేదు గదా. నువ్వు మర్సిపోయినావనుకొంటి. అడిగితే కసురుకొంటివి. మామా సూస్తే చెట్టు చచ్చిపాయె అని నిన్ను ఇంటికి పంపిస్తాదని... నీ బిడ్డ సదువు ఉండాదే... అందుకని ఎవురికీ చెప్పకుండా నేనే పోస్తాంటి."

ఆ మాట వినగానే నా కోపం చల్లారిందని చెబితే అబద్ధం. ఇంకా రేగింది. తిట్టడానికి ఆమెలో తప్పు దొరకకపోవడం వల్ల రేగింది. పూత కోసం నేనే నీళ్లు ఆపానని, ఆమె పోసిన ప్రతి బాల్చీ చెట్టును నిద్ర లేపిందని, ఒకటో తారీకుకు పువ్వు రాకపోతే నా బతుకు ఇక్కడితో సరి అని గట్టిగా అరిచి చెప్పాను. "నీ పుణ్యాన ఇంటికి పోతున్న. ఇగ సంతోషమా?" అన్నాను. ఆమె మెట్ల మీద కూలబడింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మాట అనకుండా ఉండవలసింది. అప్పుడే తెలుసు నాకు, అయినా అన్నాను.

ఇరవై మూడు రోజులున్నాయి. మళ్లీ బెట్టకు పెట్టి ఆకు దానంతట అది రాలేదాకా ఆగే వ్యవధి లేదు. మా మేనమామ జామతోటలో చేసే పని ఒకటి గుర్తొచ్చింది. ఆకు మొత్తం చేత్తో దూసేస్తే చెట్టు పూతకు తిరిగేది. ఖుబానీకి పనికొస్తుందో చస్తుందో తెలియదు. కిష్టవ్వను అడిగితే, "నాకూ తెల్వది. ఊకె కూసుంటే మాత్రం రాదు" అంది. తడిమట్టి అంతా తవ్వి పక్కకు పోసి, వేర్ల మీద పొడి ఇసుక నింపాను. మోకాలికి గుడ్డ బిగించి, నిచ్చెన వేసుకుని ఆకు దూయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి చూస్తే కింది కొమ్మల దగ్గర రహమత్‌బీ నిలబడి ఉంది. వంట ముగించుకుని వచ్చి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్కొక్క ఆకే గిల్లుతోంది. మొగ్గ ఊడకుండా ఎలా గిల్లాలో నన్ను చూసి నేర్చుకుంది. మూడు రోజులు ఇద్దరం అదే పని మీద ఉన్నాం.

శుక్రవారం నమాజు నుంచి వచ్చిన ఆసిమ్ పెరటి తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆకు ఒక్కటి లేదు చెట్టుకు. కట్టెలు నిలబెట్టినట్టుంది. అతని వెనకే మామా కర్ర ఊతంతో వచ్చింది.

"చంపేశావా?" అన్నాడు.

"లేదు అర్బాబ్. నిద్రపుచ్చాను. నీళ్లు మాఫీ, ఆకు మాఫీ, అప్పుడు పువ్వు వస్తుంది. మా దేశంలో ఇట్లనే చేస్తాం," అన్నాను. ఇక్కడి మాటల్లో అర్బాబ్ అంటే యజమాని, మాఫీ అంటే లేదు అని.

"నాలుగేళ్లు నీళ్లు పోస్తే పూయలేదు. ఇప్పుడు నీళ్లు మానేస్తే పూస్తుందా!" అతను ఫోన్ తీశాడు. "ఇంక ఒకటో తారీకు దాకా ఎందుకు? కంట్రాక్టరును రేపే రమ్మంటాను."

మామా కర్ర టకటకలాడిస్తూ చెట్టు దగ్గరికి నడిచింది. కొమ్మ ఒకటి వంచి గోటితో బెరడు గీరింది. లోపల పచ్చగా ఉంది. గోరు కొడుకుకు చూపించింది, తర్వాత నాకు చూపించింది.

"ఒకటో తారీకు అనుకున్నాం," అంది. "ముందూ వద్దు, వెనకా వద్దు. ఆ రోజే."

ఆసిమ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ కాళ్లకు మొక్కుదామనిపించింది. వాళ్లలో అది తప్పు కాబట్టి ఆగాను.

అప్పటి నుంచి కిష్టవ్వకు రోజూ పొద్దున్నే చెట్టు చూపించడమే నా పని. పద్దెనిమిదిన, "జర బొద్దుగైనయి" అంది. ఇరవై మూడున గట్టిగా చలిగాలి వీచింది. ఇరవై ఐదున, "ఓ సుభద్ర నాయినా, గవి పూమొగ్గలే! ఒక్కటి గాదు, కొమ్మ నిండ ఉన్నయి!" అని ఆమె అరిచిన అరుపుకు రహమత్‌బీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నేను చెట్టు కిందే నిలబడి కళ్లు తుడుచుకున్నాను. సిగ్గెందుకు, ఏడ్చాను.

కానీ రోజులు ఆగవు కదా. ఇరవై ఎనిమిదికి మొగ్గల మీది గోధుమరంగు పొర పగిలింది. ముప్పైకి కూడా లోపల రంగు కనబడలేదు. ముప్పై ఒకటి సాయంత్రం పది పన్నెండు మొగ్గల కొనలు గులాబీ రంగు తిరిగాయి. విచ్చుకోవడానికి ఎన్ని రోజులు? కిష్టవ్వ చూసి చూసి, "నాలుగు," అంది. "మొత్తుకున్నా నాలుగు."

ఒకటో తారీకు ఎనిమిదింటికి కంట్రాక్టరు మనుషులు వచ్చారు. నేల తవ్వే చిన్న బకెట్టు బండి గేటు దగ్గర ఆగి గుర్రుమంటోంది. మామా శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. నేను కొమ్మ వంచి ఆసిమ్‌కు చూపించాను.

"చూడు అర్బాబ్. రంగు వచ్చింది."

అతను దగ్గరగా వంగి చూశాడు. వేళాకోళం ఏం చేయలేదు, నిజంగానే చూశాడు. "ఇది పువ్వా?"

"మొగ్గ. నాలుగు రోజులాగితే పువ్వు."

ఆసిమ్ కంట్రాక్టరు వైపు చూశాడు. కంట్రాక్టరు తల అడ్డంగా ఊపాడు. చట్రాలు రేపు దిగుతున్నాయి, ఇవాళ నేల చదును కాకపోతే తన మనుషులు షార్జా పనికి పోతారు, మళ్లీ వచ్చేది రంజాన్ తర్వాతే అన్నాడు. ఆసిమ్ తల్లి వైపు చూశాడు. అతను చెడ్డవాడు కాదు. ఆవిడ ఊఁ అంటే ఆగేవాడే.

మామా నన్ను పిలిచింది. "నీళ్లు ఆపితే పూస్తుందన్నావు. ఎందుకు ఆలస్యమైంది?"

సమాధానం నా నాలుక చివరే ఉంది. వంటింటి గుమ్మంలో రహమత్‌బీ నిలబడి ఉంది. రెండడుగులు ముందుకు వేసింది కూడా, తానే చెప్పేద్దామని. నేను ఆమె వైపు ఉరిమి చూశాను. నేనేదో మంచివాణ్ణని కాదు. ఆమె పేరు చెబితే ఒక టికెట్టు బదులు రెండు టికెట్లు తీస్తారు, పువ్వు మాత్రం ఇవాళ రాదు.

"నాకే లెక్క తెలియలేదు మామా," అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆ గులాబీ కొనల వైపు చూసింది. మూడేళ్లు ప్రతిసారీ ఇంకొక్క ఏడాది అని కొడుకును అడిగింది తనే. నాలుగోసారి అడగడానికి ఆవిడకు నోరు రాలేదు. "మాట ఇచ్చాను," అని కర్ర అందుకుని లోపలికి పోయింది.

బండిని దగ్గరికి రానివ్వలేదు నేను. ముందు కొమ్మలు దించుతానని రంపం పట్టాను. నేను నాటిందాన్ని ఎవడో ఇనుప పళ్ల బకెట్టుతో లాగి పడేయడం నా కళ్లతో చూడలేను. పై కొమ్మ నుంచి కిందికి, ఒక్కొక్కటే కోసి, గోడ వారగా పేర్చాను. మొదలు మిగిలాక పక్కకు తప్పుకుని, "యల్లా" అన్నాను. పావుగంటలో వేరుతో సహా లేచింది. నడుములోతు గుంత మళ్లీ కనబడింది.

సాయంత్రం చెత్త బండి రాకముందు చూస్తే రహమత్‌బీ ఆ కొమ్మల్లోంచి ఓ చిన్న కట్ట ఏరుకుని, వంటింట్లో రంగు డబ్బాలో నిలబెట్టి, కుళాయి తిప్పి నీళ్లు పడుతోంది.

"ఇప్పుడు పొయ్యి," అన్నాను గుమ్మంలోంచి. "ఎన్ని పోస్తవో పొయ్యి. ఇప్పుడు అడిగేటోడు లేడు."

ఆమె కుళాయి కట్టేసి, డబ్బా కిటికీ దగ్గర పెట్టి, తన పని తాను చేసుకుంది.

సోమవారం పొద్దున టీకి పోయాను. బయట నేల మీద ఇనుప చట్రాలు నిలబడ్డాయి, వెల్డింగు మంట పటపటమంటోంది. వంటింటి కిటికీలో ఖుబానీ పూసింది. తెల్లటి పూలు, మధ్యలో లేత గులాబీ, కొమ్మ కనబడనంత ఒత్తుగా ఉన్నాయి. నాలుగేళ్లు సాకిన చెట్టు పువ్వు ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మామా వంటింట్లోకి రావడం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు వచ్చింది. ఒక కొమ్మ తీసుకుని, పూలకు ముఖం ఆనించి, ఏదో అంటూ తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. తర్వాత ఆసిమ్ నీళ్ల సీసా కోసం వచ్చి చూశాడు.

"ఎన్ని రోజులన్నావు?" అన్నాడు.

"నాలుగు."

అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. సీసా తీసుకుని పోయాడు. నా టికెట్టు తారీకు మారలేదు.

అతను పోయాక రహమత్‌బీ పొయ్యి ఆర్పేసింది. ఆ సమయానికే కిష్టవ్వ కాల్ వచ్చింది. పూలు చూపిద్దామని ఫోన్ కిటికీ వైపు తిప్పాను. రహమత్‌బీ అటు చూడకుండా నేల చూస్తూ అంది. "నాలుగు దినాలే అన్నా. నేను ఇరవై దినాలు పోసినా. నేను పొయ్యకుంటే ఒకటో తారీకుకు ముందరే పూసుండేది. నీ బిడ్డ నోటికాడి కూడు తీసినా నేను."

అవును. అక్షరాలా అదే జరిగింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఉన్నది ఉన్నట్టు మొహం మీద అనేయడం తప్ప నాకింకోటి రాదు. అందుకే ఊళ్లో సగం మందితో మాటల్లేవు నాకు.

"నీ నీళ్లతోని ఏం గాలే," అన్నాను. "ఆ పొద్దు కోపంల ఒర్రిన. ఈయేడు చలి ఆలస్యంగ వడ్డది. చలి పడితేనే అది లేస్తది. నువ్వు పోసినా గంతే, పొయ్యకున్నా గంతే."

ఆమె తలెత్తి నన్ను చూసింది. నమ్మాలని ఉంది, నమ్మడం లేదు. నేను ఫోన్ నా వైపు తిప్పుకుని కిష్టవ్వ మొహం చూశాను. వేలు పెట్టి చూడమని మొదట చెప్పింది ఆమే కదా.

"అవ్ చెల్లె," అంది ఆమె. "చలి తక్కువైతే గంతే. నీళ్లది ఏం లేదు. ఏడువకు."

రహమత్‌బీ మొహం కడుక్కోవడానికి లోపలికి పోయింది. కిష్టవ్వ నన్ను స్క్రీనులోంచి చూస్తోంది, నేను ఆమెను చూస్తున్నాను.

"మరి సుభద్రకు ఏం చెప్పాలె?" అంది.

"గదే చెప్పు," అన్నాను. "చలి తక్కువైందని."